రాతిపలక, విద్యుత్పలక

మన ఇండ్లలో బిడ్డకు అక్షరాభ్యాసము చేయించునాడు పళ్లెములో బియ్యము పోసి, పెద్దవారు చేయి పట్టి ఓనమాలు దిద్దిస్తారు. ఆ వేడుక ముగిసిన మరునాటినుండి బిడ్డ చేతికి వచ్చేది పలక. తెలుగుదేశములో ఎన్నో తరములవారు చదువుల మేడకు మొదటి మెట్టుగా ఎక్కినది ఆ నల్లని రాతిపలకనే. అట్టి పలకలకు పేరు మోసిన ఊరు మార్కాపురము.

ఇప్పుడు మరొక విధమైన పలక వచ్చినది. దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు ట్యాబ్లెట్. ఆ మాటకును పలక అనియే అర్థము. మనవారు దానిని కుదించి ట్యాబు అంటున్నారు. దానికి అన్నవంటిది ల్యాప్‌టాప్, అనగా ఒడిలో పెట్టుకొని పనిచేసే చిన్న కంప్యూటరు. వీటిని చవకగా తయారుచేసి పేదదేశముల పిల్లలకు అందించవలెనని ఇరవై యేండ్లకు పైగా ప్రపంచములో ప్రయత్నములు జరుగుతున్నవి. మన రాష్ట్రములోను లక్షలాది పిల్లల చేతికి ఇవి చేరినవి. పాత పలక పేదబిడ్డకు ఉపకరించినట్లు ఈ క్రొత్త పలక ఉపకరించవలెనంటే ఏమేమి కావలెను? ఈ ప్రశ్నను పలకలకు పుట్టినిల్లయిన మార్కాపురమును తలచుకొని విచారించుట బాగుండునని నాకు తోచినది.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు పూర్వము కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. నాటినుండి నల్లమల కొండలకు, వెలికొండలకు చేరువనున్న ఈ భూభాగమును పశ్చిమ ప్రకాశమని వ్యవహరించుట అలవాటైనది. ఇక్కడ వాన తక్కువ. బోరుబావిలో నీరు పడినను చాలచోట్ల ఫ్లోరైడు పాలు ఎక్కువ. కరవు వచ్చిన యేట పనులు వెదకుకొంటూ ఊళ్లు విడిచిపోయే కుటుంబములు ఉన్నవి.

ఇట్టి నేల అడుగున ప్రకృతి ఒక సంపదను దాచి ఉంచినది. నూరు కోట్ల యేండ్లకు పైబడిన ప్రాచీన కాలమున నీటి అడుగున పేరుకొన్న బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి, పొరలు పొరలుగా చీలే రాయిగా మారినది. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసకు కంభము పేరే పెట్టుకొన్నారు. గని నుండి తెచ్చిన దిమ్మకు ఉలి అంచు ఆనించి, పొర వెంబడి నేర్పుగా తట్టితే, అది రేకువలె విడిపోతుంది. దానిని కొలతకు కోసి, అరగదీసి నునుపు చేసి, చుట్టును కొయ్యచట్రము బిగిస్తే పలక సిద్ధమవుతుంది. ఈ పలకలు మన ఊరి బడులకే గాక సముద్రములు దాటి విదేశములకును ఎగుమతి అయినవి. తరువాత కాలమున వ్రాతపుస్తకములు చవకైనవి, ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా ఇండ్ల గోడలకు, నేలకు పరచే బండలుగా పోతున్నది.

ఈ సందర్భములో మరువరాని విషయము ఒకటి ఉన్నది. రాతి పనిలో లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. బిడ్డకు పలక చవకగా దొరికినదంటే, దానిని కోసినవాని శ్రమయు, ఆరోగ్యమును ఆ వెలలో లెక్కకు రాకుండ పోవుట కూడ ఒక కారణము కావచ్చును. చవక వస్తువును మెచ్చుకొనునప్పుడు ఆ చవక ఎట్లు వచ్చినదో విచారించుట మన ధర్మము.

ఇక రాతిపలక గుణములను చూతము. మొదటిది, దానిని బిడ్డ చేతికి నిర్భయముగా ఇవ్వవచ్చును. క్రింద పడి పగిలితే తల్లి కసురుకొనునేమో గాని, ఇల్లు తాకట్టు పెట్టవలసిన పని లేదు. రెండవది, కొన్న తరువాత దానికై ఖర్చు లేదు. బలపము ఒక్కటి చాలును. విద్యుత్తు లేని పూరింట కూడ అది పనిచేస్తుంది. మూడవది, తప్పు వ్రాస్తే తుడిచి మరల వ్రాయవచ్చును. తప్పునకు గుర్తు మిగులదు గనుక పిల్లవానికి జంకు ఉండదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. లెక్క చేయించిన పిదప ఉపాధ్యాయుడు "పలకలు ఎత్తండి" అంటాడు. ముప్పది పలకలు ఒక్కసారి పైకి లేస్తవి. ఎవరికి వచ్చినది, ఎవరికి రాలేదు అన్నది ఒక్క చూపుతో ఆయనకు తెలిసిపోతుంది. రానివాని ప్రక్కకు వెళ్లి అక్కడికక్కడే దిద్దుతాడు. పలక గొప్పతనములో సగము ఆ చూపులోనే ఉన్నది.

ఈ నాలుగు గుణములను మనసులో ఉంచుకొని ప్రపంచమువైపు చూతము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన నికొలాస్ నెగ్రొపాంటె అను ఆచార్యుడు, ప్రతి బిడ్డకు ఒక ల్యాప్‌టాప్ అను ఉద్యమమును 2005లో ఆరంభించినాడు. నూరు డాలర్లకే కంప్యూటరును ఇవ్వగలమని ఆయన ప్రకటన. ఆ యేడు నవంబరులో ట్యునీసియాలో జరిగిన ప్రపంచ సభలో, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షమున దాని నమూనాను చూపినారు. యంత్రము రూపకల్పన మెచ్చదగినదే. ఎండలో కూడ తెరమీది అక్షరము కనబడుతుంది. దుమ్ము, నీటి చుక్కలు లోపలికి పోకుండ మీటలపై రబ్బరు తొడుగు ఉన్నది. విద్యుత్తు అతి స్వల్పముగా చాలును. కాని 2007 చివర తయారీ మొదలైననాటికి వెల నూరు డాలర్లు గాక ఇంచుమించు దానికి రెట్టింపు అయినది.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశము ఈ యంత్రములను లక్షల సంఖ్యలో కొన్నది. పల్లెబడులకు పంచినది. ఫలితమును తెలిసికొనుటకు 319 గ్రామీణ పాఠశాలలలో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పండితులు పరిశోధన చేసి, 2012లో వెల్లడించినారు. పిల్లలకు కంప్యూటరు వాడుక బాగుగా పట్టుబడినది. తర్కశక్తిని కొలిచే పరీక్షలలో కొంత మెరుగుదల కనబడినది. లెక్కలలోను, భాషలోను మాత్రము యంత్రములు అందినవారికి, అందనివారికి భేదము కానరాలేదు. ఉపాధ్యాయులకు తగిన శిక్షణ లేదు. చాల బడులలో ఇంటర్నెట్ లేదు. రోజువారీ పాఠమునకు యంత్రమునకు పొత్తు కుదరలేదు. అనగా పలక చేరినది గాని, "పలకలు ఎత్తండి" అనే చూపు దానికి తోడు పోలేదు.

మన దేశము సంగతి చూడగా, 2006లో కేంద్ర విద్యాశాఖ ఆ ల్యాప్‌టాప్ పథకమును నిరాకరించినది. అంత ధనముతో బడులకు, ఉపాధ్యాయులకు చేయవలసినది ఎంతో ఉన్నదని ఆ శాఖవారి వాదము. అటుపిమ్మట మన ప్రభుత్వమే స్వంతముగా చవక పలకను తలపెట్టినది. 2011 అక్టోబరు 5వ తేదీన నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ అను ట్యాబును విడుదల చేసినారు. దీనితో మన తెలుగువారికి ఒక సంబంధమున్నది. డేటావిండ్ అను సంస్థ దానిని హైదరాబాదులో కూర్పించినది. ప్రభుత్వము ఒక్కొక్కటి సుమారు 2,276 రూపాయలకు కొన్నది. ప్రపంచ పత్రికలన్నియు ఆ వెలను చూచి ఆశ్చర్యపడినవి. కాని యంత్రపు వేగము చాలదు. వ్రేలితో గట్టిగా ఒత్తితే గాని తెర స్పందించదు. రెండు మూడు గంటలకే బ్యాటరీ అయిపోతుంది. 2012 నవంబరులో మెరుగుపరచిన రెండవ ఆకాశ్‌ను రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసినారు. అయినను, దేశములోని ప్రతి విద్యార్థి చేతికి చేరునన్న మాట నెరవేరలేదు. వెల తగ్గించుటకై పనికివచ్చే గుణమునే తగ్గిస్తే, ఆ వస్తువు చవకైనది కాక చౌకబారుది అవుతుంది.

తరువాత పదేండ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ కార్యమును భారీ యెత్తున చేపట్టినది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ట్యాబుల పంపిణీని ప్రారంభించినారు. ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి ఇచ్చినారు. 686 కోట్ల రూపాయలు వ్యయమైనట్లు ప్రకటించినారు. లెక్క వేస్తే ఒక్కొక్కటి 13 వేల రూపాయల పైచిలుకు. మరుసటి యేడు అదే తేదీన చింతపల్లిలో రెండవ విడత ఆరంభమై, మరి 4,34,185 మందికి అందినవి. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల బడిపిల్లలు కూడ ఆ ఎనిమిదవ తరగతులవారిలో ఉన్నారు.

ఈ పథకములో తెలివిగా ఆలోచించిన అంశములు లేకపోలేదు. పాఠములను ట్యాబులోనే నిలువచేసి ఇచ్చినారు గనుక ఇంటర్నెట్ లేని పల్లెలో కూడ చూడవచ్చును. పాడైతే గ్రామ సచివాలయములో అప్పగించవచ్చునని, మూడేండ్ల హామీ ఉన్నదని ఆనాడు చెప్పినారు. పిల్లతోపాటు ఉపాధ్యాయునికి ఇచ్చుట కూడ మంచి పనియే. పెరూ దేశపు లోపములలో కొన్నిటికి ఇది మందు.

కాని కాలము గడచిన కొలది క్రొత్త ప్రశ్నలు వస్తవి. పాఠములను సమకూర్చిన బైజూస్ సంస్థ ఆర్థికముగా కుప్పకూలినది. 2024 జూలైలో బెంగుళూరులోని కంపెనీ న్యాయ ట్రిబ్యునల్ దానిపై దివాలా ప్రక్రియకు అనుమతి ఇచ్చినది. ఆ యేడు జూనులోనే రాష్ట్రములో ప్రభుత్వము మారినది. మొదటి విడత ట్యాబుల మూడేండ్ల గడువు 2025 డిసెంబరుతో తీరినది. బ్యాటరీ సత్తువ తగ్గే సమయము కూడ అదే. ఆనాడు ఎనిమిదవ తరగతిలో ట్యాబును అందుకొన్న బిడ్డ 2025 మార్చిలో పదవ తరగతి పరీక్ష వ్రాసినది. ఇక ఆ పలకను బాగుచేయువారెవరు? అందులోని పాఠమును కాలానుగుణముగా మార్చువారెవరు? పాఠ్యప్రణాళిక మారితే పాత పాఠము ఎవరికి పనికివచ్చును? మార్కాపురపు పలకను ఈ ప్రశ్నలు ఎన్నడును బాధింపలేదు. విద్యుత్పలకకు ఇవి ప్రాణప్రశ్నలు.

రేడియో వృత్తిలోనున్న మావంటివారికి ఈ సమస్య క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశకములలో పల్లెపల్లెకు పంచాయతీ రేడియోను అమర్చినారు. సాయంకాలము వ్యవసాయదారుల కార్యక్రమము వినుటకు రచ్చబండ దగ్గర జనము చేరేవారు. రేడియో పెట్టె చెడినను, బ్యాటరీ అయిపోయినను, మరల పలికించువాడు రాని ఊళ్లలో ఆ పెట్టె అలంకారముగా మిగిలిపోయినది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మరొక ప్రయోగము జరిగినది. ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని రెండువేల పైచిలుకు గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారము చేసినారు. వాటిలో మన రాష్ట్రపు పల్లెలు కూడ ఉన్నవి. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. టెలివిజన్ పెట్టెల మరమ్మతుకు కేంద్రములను, మనుషులను, విడిభాగములను ముందే ఏర్పాటు చేసికొన్నందున ఆ సంవత్సరము పని చక్కగా సాగినది. కాని ఉపగ్రహము అమెరికా నుండి తెచ్చుకొన్న అరువు సొత్తు. గడువు తీరగానే అది వెళ్లిపోయినది. మన స్వంత ఉపగ్రహము వచ్చునంతవరకు ఎదురుచూడవలసి వచ్చినది. మరమ్మతు మన చేతిలో ఉండవలెనని, మూలము కూడ మనదై ఉండవలెనని ఆ యేడాది నేర్పిన పాఠము. నేటి ట్యాబునకును ఆ పాఠము వర్తిస్తుంది.

అయితే యంత్రముతో చదువు రానే రాదా అంటే, అట్లు అనుటకు వీలు లేదు. 2015లో ఢిల్లీలో 619 మంది విద్యార్థులతో ఒక పరిశోధన జరిగినది. కార్తిక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని నడిపినారు. బడి విడిచిన తరువాత పిల్లలు ఒక కేంద్రమునకు వచ్చి కొంతసేపు కంప్యూటరు దగ్గర, కొంతసేపు బోధకుని దగ్గర కూర్చుండేవారు. ఆ కంప్యూటరు పాఠము అందరికి ఒకే తీరున నడువదు. ఎనిమిదవ తరగతి పిల్లవానికి నాలుగవ తరగతి భాగహారము రాకపోతే, అక్కడినుండియే మొదలు పెడుతుంది. నాలుగున్నర నెలలలోనే లెక్కలయందు, హిందీయందు ఆ పిల్లలు స్పష్టముగా ముందుకు పోయినారు. చదువులో వెనుకబడినవారికి ఇతోధికముగా మేలు జరిగినది. పెరూలో రాని ఫలితము ఇక్కడ ఎందుకు వచ్చినది? ఎవరికి ఏమి రాదో కనిపెట్టి, అక్కడినుండి చెప్పుట వలన. నియమిత వేళకు కూర్చుండబెట్టి, ప్రక్కన ఒక మనిషి ఉండుట వలన. అనగా "పలకలు ఎత్తండి" అన్న పాత చూపే అక్కడ క్రొత్త రూపము దాల్చినది.

కనుక మనము చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. ఇంటిలో ట్యాబు ఉన్న తలిదండ్రులు దానిని బీరువాలో దాచరాదు, బిడ్డ చేతికి ఇచ్చి మరచిపోరాదు. సాయంకాలము ఒక అరగంట ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి, "ఈనాడు ఏమి నేర్చినావు నాయనా, నాకును చెప్పు" అని అడుగవలెను. అడుగుటకు తల్లికి చదువు రావలసిన పని లేదు. చెప్పవలసివచ్చిన బిడ్డ రెండుమారులు చదువుకొంటాడు.

ఉపాధ్యాయులు ట్యాబును పాఠము చెప్పు భారము తమనుండి తీసివేయు వస్తువుగా గాక, ఎవరికి ఏమి రాలేదో తెలియజెప్పు సాధనముగా వాడుకొనవలెను. ఇది జరుగవలెనంటే ప్రతి బడిలో చాలినంత మంది ఉపాధ్యాయులు ఉండవలెను. ఒక్కడే ఐదు తరగతులకు చెప్పే బడిలో ఆయనకు మరొక యంత్రమును అప్పగించుట ఆయన బరువును పెంచుటయే.

ఇక ప్రభుత్వము వారు చేయవలసినది. కొనుగోలుకు కేటాయించిన ధనములో కొంత భాగమును మరమ్మతుకై విడిగా ఉంచవలెను. మార్కాపురములో, గిద్దలూరులో సెల్‌ఫోనులు విప్పి బాగుచేయగల యువకులు బజారు వీధిలోనే ఉన్నారు. వారికి శిక్షణయు, విడిభాగములును సమకూర్చితే చెడిన పలక దూరపు నగరమునకు ప్రయాణము చేయనక్కరలేదు. పాఠములపై హక్కు ప్రజలదై ఉండవలెను. ఒక వ్యాపారసంస్థ మూతపడినంతమాత్రమున బిడ్డ పాఠము మూతపడరాదు. అవి బిడ్డ ఇంట మాట్లాడే తెలుగులో, ఆ బిడ్డకు తెలిసిన పొలము, సంత, చెరువు ఉదాహరణలుగా ఉండవలెను.

చెరువు అనగా పశ్చిమ ప్రకాశమువారికి మొదట మనసులో మెదిలేది కంభము చెరువు. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన మహాజలాశయము అది. కట్ట ఎంత ఘనమైనదైనను, దానివలన మాత్రమే పొలము తడువదు. తూము కావలెను, కాలువ కావలెను, ఏటేట పూడిక తీయువారు కావలెను, ఏ మడికి ఎప్పుడు నీరు వదలవలెనో తెలిసిన నీరుగంటి కావలెను. వీరందరు తరతరములుగా ఉన్నందుననే ఆ చెరువు శతాబ్దములు దాటి నేటికిని నిలిచినది.

విద్యుత్పలకలు కొనుట కట్ట వేయుటవంటిది. మన రాష్ట్రములో తొమ్మిదిన్నర లక్షల పలకలు పంచి ఆ పని చేసినారు. కాలువ త్రవ్వి బిడ్డ బుద్ధిదాక నీరు పారించే పని ఉపాధ్యాయునిది, తలిదండ్రులది, ఊరి మరమ్మతుదారునిది. వారికి చేయూతనిచ్చుట పాలకుల బాధ్యత. కరవునేలలో పుట్టి, చదువొక్కటే ఆస్తిగా నమ్ముకొన్న పిల్లలకు ఆ నీరు అందకుండ పోరాదు.